పలక మీద ధర

నా పెట్టుబడి అంతా నా కుడిచెయ్యే. గిడ్డంగి అద్దెది, కాటా సంఘానిది, సరుకు రైతుది, డబ్బు కొనేవాడిది. మధ్యలో నాదంటూ ఉన్నవి ఐదు వేళ్లూ, వాటి మీద కప్పుకునే ఒక తువ్వాలూ.

మా వెల్లుల్లి షెడ్డులో బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడూ, అమ్మేవాడి తరపు దళారీ ఎదురెదురుగా నిలబడి చేతులు కలుపుతారు. పైన తువ్వాలు కప్పుతారు. దాని కింద ఒక వేలు పట్టుకుంటే ఒక లెక్క, రెండు పట్టుకుంటే ఇంకో లెక్క, అరచెయ్యి మొత్తం నొక్కితే ఒకటి, గోరుతో గీరితే మరొకటి. పైకి మాత్రం ఇద్దరూ వాన గురించో, అల్లుడి ఉద్యోగం గురించో మాట్లాడుకుంటూ ఉంటారు. తువ్వాలు తీసి భుజాన వేసుకుంటే బేరం కుదిరినట్టు. ఎవరి సరుకు ఎంతకు పోయిందో పక్కవాడికి తెలియదు. ఆ తెలియకపోవడం మీదే మా షెడ్డు నిలబడి ఉండేది. పైకప్పు రేకులు ఆ తరవాతి సంగతి.

ఆడవాళ్లు పరాయి మగాడి చేతిలో చెయ్యి పెట్టి తువ్వాలు కప్పుకోవడం కుదరని పని. కాబట్టి పొలం వాళ్లదైనా, పంట వాళ్లదైనా, చెయ్యి మాత్రం ఇంకొకరిది కావాలి. మగవాళ్లు దూరపు మిల్లులకు పనికి పోవడం మొదలయ్యాక షెడ్డుకు సరుకు తెచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువయ్యారు. ప్రశ్నలు ఎక్కువ అడుగుతారని మిగతా దళారులు వాళ్లని దగ్గరికి రానివ్వలేదు. నేను రానిచ్చాను. అందరికీ అన్ననయ్యాను. అన్న అనిపించుకోవడానికి పైసా ఖర్చు లేదు. పైగా ఆకుకూర దగ్గర కూడా గీచిగీచి బేరమాడే మనిషి, అన్న దగ్గర కమీషన్ తగ్గించమని అడగడానికి మొహమాటపడుతుంది.

మోసం మాత్రం చెయ్యలేదు. మోసం చేసినవాడి దగ్గరికి మరుసటి పంట రాదు. అంత ఖరీదైన వ్యాపారం నాకు గిట్టదు.

ఇలా సాగుతుండగా మా తమ్ముడి భార్య ఒక ఆదివారం ఇంటికి వచ్చింది. ఆవిడ బడిపంతులమ్మ. వచ్చిన మనిషి కూర్చోకుండానే అడిగింది.

“బావగారూ, మీ షెడ్డు వెనక గది ఖాళీగానే ఉందిగా?”

“ఖాళీ ఎక్కడిదమ్మా? చిరిగిన గోనెలున్నాయి.”

“ఎలకలు కూడా ఉన్నాయి,” అంది మా ఆవిడ వంటింట్లోంచి. “వాటి దగ్గర అద్దె వసూలు చేస్తున్నారేమో కనుక్కో.”

మా మరదలి ఆలోచన ఇది. మార్కెట్ రోజున ఆడవాళ్లు పొద్దున్నే సరుకు దించుతారు. తూకం సాయంత్రానికి గానీ అవదు. ఆ మధ్యలో వాళ్లకు చదువు చెబుతుందట. జీతం అక్కర్లేదు, గది చాలు, కాసిని పలకలు చాలు.

“చదువొస్తే ఏమవుతుందమ్మా?”

“సమాజం మారుతుంది బావగారూ.”

“ఎప్పటిలోగా?” అన్నాను. సరుకు ఎప్పుడు దిగుతుందని అడగడం నాకు అలవాటు.

మరదలు నవ్వలేదు. మా ఆవిడ మాత్రం లోపల గరిటె కిందపడేసుకునేంతగా నవ్వింది.

ఆలోచిస్తానని చెప్పి పంపించాను. నిజంగానే ఆలోచించాను. ఆడవాళ్లు ఖాళీగా ఉంటే కుళాయి దగ్గర చేరతారు. చేరితే ధరలు మాట్లాడుకుంటారు. ధరలు మాట్లాడుకుంటే సాయంత్రం నా దగ్గరికి వచ్చి, “దానికంత వచ్చింది, నాకెందుకు రాలేదన్నా?” అంటారు. గడ్డ సైజు వేరు, తడి వేరు, కొన్నవాడు వేరు అని ఒక్కొక్కరికీ చెప్పేసరికి నా గొంతు ఎండిపోతుంది. అదే గదిలో కూర్చుని అక్షరాలు దిద్దుకుంటుంటే ఆ నోళ్లకు పని ఉంటుంది. పైగా గది నాది. గదికి వచ్చినవాళ్ల సరుకు ఇంకో దళారి గుమ్మం తొక్కదు. కొన్ని పలకల ఖర్చుతో ఆడవాళ్ల సరుకు అంతా నా అరుగు మీదికి వస్తుంది. ఇంత చవగ్గా వచ్చే బేరం ఇంకోటి కనపడలేదు. సరేనన్నాను.

ప్రారంభోత్సవానికి సంఘం అధ్యక్షుణ్ణి పిలిచాను. ఆయన షెడ్డులో అందరికన్నా పెద్ద కొనుగోలుదారు. బేరంలో పెదవి విప్పడు కాబట్టి వెనకాల అందరూ మౌనస్వామి అనేవాళ్లు. మా మరదలు రాసిచ్చిన ఉపన్యాసం నేను చదివాను. సామాన్యులు చదువుకుంటే సమాజం తనంతట తనే మారుతుందనీ, మార్పు పైనుంచి ఊడిపడదనీ, మన అరుగుల మీదే మొదలవుతుందనీ అందులో ఉంది. చదవడానికి బాగానే ఉంది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది మౌనస్వామే. ఆ చేతులు చప్పుడు చెయ్యగా నేను వినడం అదే మొదలు.

మా మరదలికి చూపు తక్కువ. గది ఈ మూలనుంచి ఆ మూలకి కనపడదు. అందుకని పలక మీద రాసింది పెద్దగా రాయాలి, రాశాక తల మీదికి ఎత్తి పట్టుకోవాలి. “పైకి, ఇంకా పైకి!” అని ఆవిడ అరుస్తుంటే షెడ్డులో హమాలీలు కూడా నవ్వుకునేవాళ్లు. నేను లెక్క చూసుకున్నాను. కుళాయి దగ్గర జనం లేరు. నా అరుగు మీద బస్తాలు పెరిగాయి. సమాజం ఎక్కడిదక్కడే ఉంది. అంతా లాభమే.

అప్పుడు నిచ్చెన వచ్చింది.

ఆవిడ మనిషి మహా పొడుగు. గుమ్మంలోంచి వచ్చేటప్పుడు తల వంచాలి. షెడ్డులో అందరూ నిచ్చెన అనేవాళ్లు. పిలిస్తే పలికేది కూడా. భర్త మిల్లులో ఉంటాడు. అత్తగారి పొలం ఆవిడే చేస్తుంది.

“అన్నా, ఈసారి నా సరుకు నేనే అమ్ముకుంటా.”

“ఏ చేత్తో అమ్మా?”

“చేత్తో కాదు, పలకతో. ధర రాసి పైకి ఎత్తి పట్టుకుంటా. కావలసినవాడు కొంటాడు.”

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. సంగతి చెప్పింది. అత్త ఆ పొలం మరిదికి ఇచ్చేస్తానంటోంది. అమ్ముకోవడం చేతకాని మనిషికి సాగెందుకు అని ఆవిడ వాదన. పోయిన పంట మంచి ధరకే పోయిందిగా అంటే మరిది, “అమ్మింది దళారి, నువ్వు కాదుగా వదినా,” అన్నాడట. చివరికి అత్త పదిమందిలో ఒక మాట ఇచ్చింది. ఈ పంట కోడలు తన నోటితో తానే అమ్మితే పొలం ఆవిడ చేతుల్లోనే ఉంటుంది. వానలు మొదలయ్యేలోగా అమ్మలేకపోతే మరిదిది.

“ఎవరూ కొనకపోతే?”

“పొలం పోయినట్టే.”

“నా చెయ్యి ఏం పాపం చేసిందమ్మా? నేను అమ్మిపెట్టి, నువ్వే అమ్మావని చెబుతాగా.”

“నీ చెయ్యి మంచిదే అన్నా. నా నోరు కూడా మంచిదే.”

మరుసటి మార్కెట్ రోజున షెడ్డు గుమ్మం పక్కన కూర్చుంది. ముందు గోనె పరిచి మచ్చుకి గడ్డలు కుప్ప పోసింది. పొట్టు దులిపిన తెల్లటి గడ్డలు, ఒకే సైజువి, చూడగానే చెయ్యి పెట్టాలనిపించే సరుకు. పలక మీద ధర రాసి ఎత్తి పట్టుకుంది. అసలే నిచ్చెన, పైగా చెయ్యెత్తింది. షెడ్డు చివర కాటా దగ్గరినుంచి కూడా అంకె కనపడుతోంది.

ఒక్కడు కొనలేదు. కొనుగోలుదారులు వచ్చారు, చూశారు, ఆ పక్కనే ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగారు. మౌనస్వామి అయితే రేకుల వైపు చూస్తూ దాటిపోయాడు. పైకి చెప్పిన ధరకు కొంటే రేపటినుంచి అందరికీ పైకే చెప్పాలి. ఆ సంగతి వాళ్లలో ఎవరికీ ఎవరూ చెప్పక్కర్లేదు.

మరిది స్తంభానికి ఆనుకుని వేరుశెనగలు నములుతున్నాడు.

“వదినా, చెయ్యి నొప్పి పుడుతోందేమో. పలక నేను పట్టుకోనా?”

“నువ్వు పొలం పట్టుకుందామని చూస్తున్నావుగా. రెండు చేతులూ అక్కడే ఉంచుకో.”

సాయంత్రం బస్తాలు మళ్లీ బండి ఎక్కించుకుని పోయింది. పాపం అనుకున్నాను. పోనీలే అని కూడా అనుకున్నాను. ఒక మార్కెట్‌తో బుద్ధి వస్తుంది, వచ్చేవారం నా చెయ్యే దిక్కు.

వచ్చేవారం కూడా పలకే వచ్చింది. అదే చోటు, అదే అంకె. ఈసారి కూడా ఎవరూ కొనలేదు. కానీ ఆ రోజు నా తువ్వాలు కింద ఒక వింత జరిగింది. ఒక ముసలి రైతు సరుకు పట్టుకుని బేరం కుదిర్చాను. ఎంతకని చెవిలో చెప్పాను. ఆయన నా మొహం చూడకుండా గుమ్మం వైపు చూశాడు.

“ఆవిడ అంత చెబుతోందిగా. నాదింతేనా?”

“ఆవిడ చెబుతోందయ్యా, అమ్మలేదు.”

“అమ్మకపోతే ఏం? చెబుతోందిగా.”

తువ్వాలు దులుపుకుని ఇంకో కుప్ప దగ్గరికి నడిచాను. ఆ తరవాత ఒక మేలురకం సరుకుకు ఎక్కువ రాబట్టబోతే, కొనేవాడు నా వేలు వదిలేసి గడ్డంతో పలక వైపు చూపించాడు. అంత మంచి సరుకు ఆ ధరకు బయట కనపడుతుంటే నీకెందుకు ఎక్కువివ్వాలని. అమ్మేవాడు ఆ అంకెకు కిందికి దిగడు, కొనేవాడు ఆ అంకెకు పైకి ఎక్కడు. నా చేతికీ వాడి చేతికీ మధ్య మూడో చెయ్యి దూరింది. ఒక్క గడ్డ అమ్మని మనిషి షెడ్డు మొత్తానికీ ధర కడుతోంది.

ఆ రోజు నాకు కుదిరిన బేరాలు తక్కువ, పడిన మాటలు ఎక్కువ.

ఇంటికొచ్చి లెక్క వేశాను. వానలు దగ్గర పడ్డాయి. అవి మొదలైతే ఆ వెల్లుల్లి మొలకెత్తుతుంది, పలక దానంతటదే దిగుతుంది. కానీ అందాకా ప్రతి మార్కెట్‌లోనూ ఆ అంకె నా నెత్తిన వేలాడుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం, ఆవిడ గాభరాపడి అంకె తగ్గించి రాసిందంటే షెడ్డులో సరుకు అంతా దాంతోపాటు పడిపోతుంది, నా కమీషన్‌తో సహా. దీనికి విరుగుడు ఒక్కటే. సరుకు ఉంటేనే పలక. సరుకంతా నేనే కొనేస్తే పలకకు పని లేదు. కొన్నది దాచిపెట్టి, గొడవ సద్దుమణిగాక, మొలకెత్తేలోగా నా చేత్తో నేను అమ్ముకుంటాను. ఆవిడకి పొలం దక్కుతుంది, నాకు తువ్వాలు దక్కుతుంది. పుణ్యం ఎటూ కొసరు.

మా ఆవిడకు చెప్పాను. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. మా పెళ్లప్పుడు వాళ్లవాళ్లు మచ్చు చూపించింది ఒకటి, సరుకు దింపింది ఒకటి అని నేనంటూ ఉంటాను. ఆవిడ కూడా నా గురించి అదే అంటుంది.

“మీరు వెల్లుల్లి కొంటున్నారా, పలక కొంటున్నారా?”

“రెండూ.”

“మరి మిగతా పలకల సంగతి?”

“మిగతావాళ్లకు అంత ధైర్యం ఎక్కడిది?”

ఆవిడ నా తువ్వాలు మడతపెట్టి, అన్నిటికన్నా అడుగున పెట్టింది.

వానలకు ముందు అదే ఆఖరి మార్కెట్ అనుకున్నాం. మబ్బు పట్టింది. మరిది ఈసారి ఇద్దరు స్నేహితుల్ని కూడా వెంటేసుకొచ్చాడు, వేడుక చూపించడానికి. నిచ్చెన మొహంలో నెత్తురు చుక్క లేదు. పలక మాత్రం దించలేదు. మధ్యాహ్నం అయింది, ఎవరూ దగ్గరికి రాలేదు. పలక పట్టుకున్న చెయ్యి దిగిపోతోంది. ఇంకో చేత్తో మోచెయ్యి పట్టుకుని నిలబెట్టుకుంది.

నేను వెళ్లాను. అలవాటు కొద్దీ చెయ్యి చాపి తువ్వాలు పైకి లాగాను. ఆవిడ నా చెయ్యి వంక చూసి, పలక నా మొహం దగ్గరికి తెచ్చింది. నేను వంగి, పక్కవాళ్లకు వినపడకుండా మెల్లగా అన్నాను.

“మొత్తం నాకే. నువ్వు రాసిన ధరకే.”

ఆవిడ కాసేపు నమ్మలేదు. నమ్మాక లేచి నిలబడింది. ఆ మనిషి నిలబడితే చాలు, షెడ్డు సగం అటు తిరుగుతుంది. మిగతా సగం కేక విని తిరిగింది.

“అమ్మేశా! మొత్తం అమ్మేశా! పలక మీద ధరకే అన్న కొన్నాడు!”

మరిది నోట్లో వేరుశెనగ ఆగిపోయింది. “దళారేగా కొన్నాడు?” అన్నాడు.

“కొన్నాడు. అమ్మిందెవరు?”

స్నేహితులిద్దరూ వాడి వంక చూడకుండా వాడి పొట్లంలోంచి వేరుశెనగలు తీసుకున్నారు. ఆ సాయంత్రమే అత్తగారు తన మాట మీద నిలబడిందని తెలిసింది. పొలం నిచ్చెనదే.

నేను కొన్న బస్తాలు పెట్టడానికి షెడ్డు వెనక గది తప్ప చోటు లేదు. తరగతి కొన్నాళ్లు ఆపమ్మా అన్నాను మా మరదలితో. ఆవిడ ఆపలేదు. ఆడవాళ్లందరినీ తీసుకొచ్చి షెడ్డు నడిమధ్య కూర్చోబెట్టింది. గదిలో ఉన్నంతకాలం చదువు ఆడవాళ్లదే. నడిమధ్యకు వచ్చాక హమాలీలు బస్తా దించి ఓ నిమిషం నిలబడి చూశారు. రైతులు చూశారు. చూసినవాళ్లకు అంకెలు ఊరికే వచ్చేశాయి, పలకల ఖర్చు కూడా లేకుండా.

మరుసటి మార్కెట్ రోజున షెడ్డులోకి అడుగుపెట్టేసరికి నాకు కళ్లు తిరిగాయి. ఎటు చూసినా పలకలే. నా పలకలు. నా అరుగు మీద ఒక్క బస్తా లేదు.

“ఏమ్మా, మీరు కూడానా?” అని ఒకావిడని అడిగాను. నన్ను అన్నా అని పిలిచేవాళ్లలో మొదటిది ఆవిడే.

“నువ్వంతటివాడివి పలక చూసి కొన్నావుగా అన్నా. లాభం లేనిది నువ్వు కొంటావా?”

అదీ జరిగింది. ఇన్నేళ్లుగా షెడ్డులో నేను సంపాదించుకున్న పేరు ఒక్కటే, లాభం లేని చోట చెయ్యి పెట్టడని. ఆ పేరే పలకకు పూచీకత్తు అయింది. నిచ్చెన చెబితే నమ్మనివాళ్లు, మా మరదలు చెబితే నవ్వినవాళ్లు, నా తెలివి మీద నమ్మకంతో పలకలు ఎత్తారు. కొనుగోలుదారులు ఆ పూట బింకంగానే తిరిగారు. కానీ ఒక్క పలకకైతే మొహం చాటెయ్యగలరు, షెడ్డంతా పలకలైతే మొహం తిప్పుకోవడానికి చోటేది? మధ్యాహ్నానికి ఒక చిన్న కొనుగోలుదారు కొన్నాడు. మంచి సరుకు వాడికి పోతోందని ఇంకొకడు కొన్నాడు. సాయంత్రానికి మౌనస్వామి కొన్నాడు.

వానలు మొదలయ్యాక విద్యాశాఖ నుంచి ఎవరో వచ్చారు. నాకు పూలదండ వేసి ఫొటో తీశారు. ఒక మామూలు వ్యాపారి తలుచుకుంటే ఎంత మార్పు తేగలడో చూడండని వచ్చినాయన మాట్లాడాడు. తన సొంత లాభం వదులుకుని అన్నాడు కూడా. అది మాత్రం లెక్కకు సరిపోయింది. మా మరదలు కళ్లు తుడుచుకుంది. మా ఆవిడ మొదటి వరసలో కూర్చుని, నవ్వు ఆపుకోవడానికి దగ్గు తెచ్చుకుంది.

ఈలోపు, పలకలు దిగాక అమ్ముదామని గదిలో ఆపిన నా వెల్లుల్లి మెత్తబడుతోంది. కొన్ని గడ్డలకు ఆకుపచ్చ మొనలు కనపడ్డాయి. ఇక ఆగితే పశువులకు కూడా పనికిరాదు. ఎండ కాసిన ఒక మార్కెట్ రోజు చూసి, మొలకెత్తినవి ఏరేసి, బస్తాలు బయటికి తీయించి, మౌనస్వామిని వెతుక్కుంటూ వెళ్లాను. తువ్వాలు పరిచి చెయ్యి చాపాను. ఆయన చెయ్యివ్వలేదు.

“ఒక్కొక్కడి చెయ్యి పట్టుకుని నిలబడితే నాకు మంచి సరుకు మిగలట్లేదయ్యా,” అన్నాడు. ఆయన అంత పెద్ద వాక్యం మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. “పలక పెట్టు, వస్తా.”

ఎక్కడ పెట్టను? గుమ్మం పక్కన వెలుగు బాగా పడే చోటు నిచ్చెనది. విత్తనానికని అట్టేపెట్టుకున్నవాటిలో ఎక్కువైన బస్తాలు పోసుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది, తన పలకే తుడిచి ఇచ్చింది. ధర రాశాను. ఎత్తి పట్టుకున్నాను. అప్పుడు తెలిసింది, అంత చిన్న వస్తువు అంత బరువుంటుందని.

మౌనస్వామి వచ్చి, అందరికీ వినపడేలా నా ధరకు బాగా తక్కువ చెప్పాడు.

తువ్వాలు కింద అయితే ఆయన చూపుడువేలు పట్టుకుని కాసేపు నానబెట్టేవాణ్ణి. వాన గురించి అడిగేవాణ్ణి. ఇక్కడ షెడ్డంతా నా మొహం వంక చూస్తోంది. జవాబు చెప్పబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అన్నేళ్ల బేరంలో దానికి పని చెప్పింది లేదు.

“గట్టిగా అన్నా,” అంది నిచ్చెన. “వెనక చాలామంది ఉన్నారు.”

గొంతు సవరించుకుని, పలక మీద ఉన్నదానికి కాస్త తగ్గించి చెప్పాను. నాకే కొత్తగా వినిపించింది నా గొంతు. మౌనస్వామి తల అడ్డంగా ఊపాడు. వెనకనుంచి ఎవడో సన్నటి మనిషి, నేనెప్పుడూ చెయ్యి పట్టుకోనివాడు, ఆయన కన్నా ఎక్కువ, నాకన్నా కొంచెం తక్కువ చెప్పాడు. లెక్క వేశాను. కొన్నదానికీ దీనికీ చూస్తే కొద్దిగా నష్టం. మౌనస్వామికి ఇస్తే ఇంకా నష్టం. రేపటిదాకా ఆగితే మొత్తం మొలకలు.

“ఇచ్చేశా!” అని అరిచాను. అవసరానికి మించే అరిచినట్టున్నాను, కాటా దగ్గర హమాలీలు కూడా తిరిగి చూశారు.

“బాగుంది అన్నా,” అంది నిచ్చెన పలక వెనక్కి తీసుకుంటూ. “ఇక లే. నీ వెనక నా సరుకు ఎవరికీ కనపడట్లేదు.”

లేచి పక్కకు జరిగాను.